రెండు నీళ్ళు కలిసే ఊరు

ఊళ్ళకూ, పేటలకూ దొరల పేర్లు పెట్టడం మనకు కొత్త కాదు. గుంటూరు వెళ్ళినవాళ్ళు బ్రాడీపేటలోనో, అరండల్‌పేటలోనో కాలు పెట్టే ఉంటారు. ఆ బ్రాడీ ఎవరో, ఆ అరండల్ ఎవరో అక్కడి ఆటోవాణ్ణి అడిగి చూడండి, నవ్వి ఊరుకుంటాడు. మనుషులు పోయారు, పేర్లు నిలిచాయి. పేటవాళ్ళకు వాటితో పేచీ ఏమీ లేదు. ఎంతైనా ఆ దొరలు మన ఎండల్లో తిరిగి ఉద్యోగాలు చేసినవాళ్ళు.

కెనడా దేశంలో ఒక కొండ ఊరికి, ఆ ఊరిని కలలోనైనా చూడని ఒక మంత్రిగారి పేరు పెట్టారు. ఆ ఊరి పేరు లిట్టన్. పసిఫిక్ సముద్రతీరాన ఉన్న వాంకూవరు నగరం నుంచి కారులో వెడితే, ఫ్రేజర్ నది వెంట, కొండల నడుమ, సుమారు 260 కిలోమీటర్ల దూరం. 2016 జనాభా లెక్కల ప్రకారం ఊరి హద్దుల్లో ఉన్నవాళ్ళు 249 మంది. మన లెక్కలో అది ఊరు కూడా కాదు, ఒక వీధి. 2021 జూన్ 30వ తేదీ సాయంకాలం ఆ వీధి కాస్తా కాలిపోయింది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ ఊరితో పనేమిటని అడగవచ్చు. నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది ఆ పేరే. లిట్టన్ అనే మాట వినగానే రాయలసీమలో పుట్టినవాళ్ళకు మరొక సంగతి గుర్తుకు రావాలి. అదేమిటో చెప్పే ముందు తండ్రిగారి సంగతి చెప్పాలి.

ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ ఇంగ్లండులో ఒకప్పుడు పేరు మోగిపోయిన నవలాకారుడు. 1834లో ఆయన 'పాంపేయి చివరి రోజులు' అనే నవల ప్రకటించాడు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై, నిప్పులోనూ బూడిదలోనూ కప్పడిపోయిన పట్నం కథ అది. ఈయన రాజకీయాల్లోకి దిగి, 1858లో వలస రాజ్యాల మంత్రి అయ్యాడు. ఆ పదవిలో ఉన్నది సుమారు ఒక్క సంవత్సరమే. ఆ సంవత్సరంలోనే బ్రిటిష్ కొలంబియా అనే కొత్త వలస ఏర్పడింది. దానికి గవర్నరుగా ఉన్న జేమ్స్ డగ్లస్, పైవారిని సంతోషపెట్టడానికే కాబోలు, రెండు నదులు కలిసేచోట వెలసిన గుడారాల ఊరికి మంత్రిగారి పేరు పెట్టాడు. అప్పటిదాకా అక్కడి బంగారపు వేటగాళ్ళు ఆ చోటును 'పాయలు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో పిలిచేవారు. నన్నడిగితే అదే బాగుంది.

అగ్నిలో పోయిన పట్నం కథ రాసినవాడి పేరు మోసిన ఊరు చివరకు అగ్నిలోనే పోయింది. ఇందులో విధివిలాసం వెతకాలని చాలామందికి అనిపిస్తుంది. నాకు మాత్రం అది కాకతాళీయమే. ఊరు కాలడానికి కారణాలు వేరే ఉన్నాయి, వాటి సంగతి తరువాత చెబుతాను.

ఒక చిన్న ముచ్చట కూడా చెప్పి ముందుకు పోతాను. కాలం మారి ఆ నవలాకారుడి వచనం నవ్వులపాలయింది. పరమ చెత్త మొదటి వాక్యం రాసినవారికి బహుమానం ఇచ్చే పోటీ ఒకటి, ఆయన పేరుమీదనే, అమెరికాలోని ఒక ఆచార్యుడు 1982లో మొదలుపెట్టాడు. 2008లో ఊరికి నూటయాభై ఏళ్ళు నిండినప్పుడు లిట్టన్ వాసులు ఆ ఆచార్యుణ్ణీ, నవలాకారుడి వంశంలో పుట్టిన పెద్దమనిషి ఒకాయన్నూ తమ ఊరికి రప్పించి, ఎదురెదురుగా నిలబెట్టి వాదం పెట్టించారు. వీధంత ఊరికి ఎంత సరదా ఉండేదో చూడండి!

ఇక కుమారుడు. ఎడ్వర్డ్ గారి కొడుకు రాబర్ట్ లిట్టన్ కవి. మారుపేరుతో పద్యాలు అచ్చువేసుకున్నాడు. 1876లో మన దేశానికి రాజప్రతినిధిగా వచ్చాడు. ఆ ఏడే మనకు ధాత సంవత్సరం. వానలు లేక కర్నూలు, కడప, బళ్ళారి సీమలు మాడిపోయాయి. మా జేజి తన చిన్నతనంలో ముసలివాళ్ళ దగ్గర విన్న ధాత కరువు మాటలు మాకు చెబుతుండేది. చెబుతున్నంతసేపూ కంచంలో మెతుకు వదలనిచ్చేది కాదు. మద్రాసు రాజధానిలో జనం లక్షల సంఖ్యలో చచ్చిపోతూ ఉంటే, 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో మహావైభవంగా దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటించినవాడు ఈ లిట్టనే. కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను తిండిగింజలు చాలునని తేల్చింది ఆయన ప్రభుత్వం పంపిన దొరే. 1878లో దేశభాషా పత్రికల నోరు కట్టే చట్టం తెచ్చిందీ ఈయన హయాంలోనే. తెలుగు పత్రికలో ఈ వ్యాసం రాస్తూ ఆ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

పేరు సంగతి అంతటితో కట్టిపెట్టి, ఊరి సంగతి చూద్దాం.

ఫ్రేజర్ నది ఉత్తరం నుంచి బురద రంగుతో దిగుతుంది. థాంప్సన్ నది తూర్పునుంచి తేటగా, నీలమూ పచ్చా కలిసిన రంగుతో వస్తుంది. రెండూ కలిశాక కూడా కొంతదూరం రెండు రంగుల నీళ్ళు ఒకే ఒడిలో పక్కపక్కనే నడుస్తాయి. ప్రయాగలో గంగాయమునలను చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. అయితే ఇక్కడ చుట్టూ మైదానం లేదు. నిటారుగా లేచిన కొండలు, వాటి నడుమ లోయ, లోయలో నదికి పైన ఒక మెట్టు నేల. ఆ మెట్టుమీద ఊరు. సముద్రం మీదినుంచి వచ్చే మేఘాలు పడమటి కొండలమీదనే కురిసిపోయి, ఇవతలకు వట్టి చేతులతో వస్తాయి. అందువల్ల ఉత్తరాన అంత దూరంలో ఉన్నా వేసవిలో అక్కడ ఎండ మండుతుంది, గడ్డి ఎండి కరకరలాడుతుంది, లోయలో గాలి విడవకుండా వీస్తుంది.

ఆ గాలే అక్కడి ఆదివాసులకు అన్నం పెట్టింది. వారిని న్లకాపమ జాతివారంటారు. ఏటా వేసవిలో సముద్రంనుంచి నదికి ఎదురీదుతూ సాల్మను చేపలు వస్తాయి. రాళ్ళమీద నిలబడి వలతొట్లతో వాటిని పట్టి, చీల్చి, కొయ్య పందిళ్ళమీద ఆరవేస్తారు. ఉప్పు వేయరు, పొగ పెట్టరు. వేడిగాలి తగిలి చేప ఒరుగు అవుతుంది. చలికాలమంతా అదే తిండి, అదే సరుకు. ఇలా చేపలు ఆరవేసుకుంటూ వేల సంవత్సరాలుగా వాళ్ళు ఆ సంగమం దగ్గరే ఉన్నారు. వాళ్ళ భాషలో ఆ చోటు పేరును తెల్లవాళ్ళు కమ్‌చిన్ అనీ, కుమ్‌షీన్ అనీ రకరకాలుగా రాశారు. నదులు కలిసే చోటు అనే దాని తాత్పర్యం.

1808 జూన్ నెలలో సైమన్ ఫ్రేజర్ అనే వర్తకుడు పడవలమీదా, కాలినడకనా ఆ లోయలో దిగి అక్కడికి వచ్చాడు. తెల్లవాడు ఆ ఊరు చూడడం అదే మొదలు. ఊరివాళ్ళు ఎదురువచ్చి ఆదరించారు. పన్నెండు వందలమందితో చేతులు కలపవలసి వచ్చిందని ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. పన్నెండు వందలు! పై జనాభా లెక్కతో పోల్చి చూడండి. ఎవరి ఊరు పెద్దదో తెలుస్తుంది. ఆయన దిగివచ్చిన నదికి తరువాత ఆయన పేరే వచ్చింది. పక్కనుంచి వచ్చే నదికి తన కంపెనీలోనే పనిచేసే డేవిడ్ థాంప్సన్ పేరు పెట్టాడు.

మర్యాద యాభై ఏళ్ళు నిలిచింది. 1858లో ఫ్రేజర్ ఇసుకలో బంగారం ఉందన్న వార్త పొక్కింది. కాలిఫోర్నియా నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో సుమారు ముప్ఫైవేలమంది ఎగబడ్డారు. చేపలు పట్టుకునే తావులన్నీ తవ్విపోశారు. తగవులు వచ్చాయి, రెండు వైపులా మనుషులు చచ్చారు. గనివాళ్ళు తుపాకీ దళాలుగా ఏర్పడి ఆదివాసుల పల్లెలకు నిప్పుపెట్టారు. ఆగస్టులో ఆ దళాలు సంగమం దగ్గరకు వచ్చేసరికి అక్కడ ఎందరో నాయకులు చేరి ఉన్నారు. యుద్ధమే చేయాలని కొందరు పట్టుబట్టారు. స్పింట్లమ్ అనే పెద్ద నాయకుడు మాత్రం సంధికి ఒప్పించాడు. ఆ మాట నెగ్గింది గనుక ఆ లోయలో రక్తపాతం ఆగింది. అది జరిగిన కొద్ది నెలల్లోనే ఆ చోటుకు లండనులో ఉన్న నవలాకారుడి పేరు వచ్చింది. నాకు ఏమాత్రం అధికారం ఉన్నా, పేరు స్పింట్లమ్‌పురం అని పెట్టి ఉందును.

బంగారం తరవాత బండిబాట, బండిబాట తరవాత రైలు. 1880 తరవాత కెనడియన్ పసిఫిక్ రైలుదారి ఈ లోయగుండా కొండలు తొలిచి వేశారు. దాని కోసం పదిహేనువేలకు పైగా చీనా కూలీలను తెచ్చారు. రాళ్ళు పేల్చడం, సొరంగాలు తొలచడం వంటి ప్రాణాపాయమైన పనులు వాళ్ళకు, కూలి మాత్రం తెల్లవాడికన్న తక్కువ. వాళ్ళలో కనీసం 600 మంది ఆ దారిలోనే చచ్చిపోయారు. 1885లో దారి పూర్తి అయింది. పూర్తి అయిన ఏడాదే ప్రభుత్వం చీనావాళ్ళమీద తలపన్ను వేసింది. మొదట తలకు 50 డాలర్లు, 1903 నాటికి 500. మన ఊళ్ళలో కాలువ తవ్వించి ఊడ్చుకుపొమ్మన్నట్టే ఉంది.

లిట్టన్‌లో మిగిలిపోయిన చీనావాళ్ళు కొట్లు పెట్టుకున్నారు, తోటలు వేసుకున్నారు. 1881లో అక్కడ ఒక చిన్న దేవాలయం కట్టుకున్నారు. అది గుడీ, సత్రమూ, పంచాయితీ సావడీ అన్నీ తానే. 1928లో దాన్ని పడగొట్టారు. ఆ తరవాత తొంభై ఏళ్ళ దాకా ఆ స్థలంలో అటువంటిదొకటి ఉండేదని చెప్పడానికి ఏమీ లేదు.

ఊరి చరిత్రలో ఇంతకన్నా చేదు సంగతి ఇంకొకటి ఉంది. 1901 నుంచి 1979 వరకు లిట్టన్ దగ్గర ఆదివాసుల పిల్లల కోసం ఒక వసతి పాఠశాల నడిచింది. పిల్లలను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకువెళ్ళి, వాళ్ళ భాష నోట రాకుండా చేయడం అటువంటి పాఠశాలల ధ్యేయం. కెనడా అంతటా అవి ఉండేవి. 2008లో ఆ దేశపు ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. భాష నేర్పడమే బతుకుతెరువైన నాబోటివాడికి, భాష మరిపించడానికి ఒక బడి ఉండేదంటే మింగుడుపడదు.

అయితే ఆ భాషను, ఆ ఆచారాలను కాగితంమీద పెట్టిన మనిషి కూడా ఆ దాపులోనే ఉండేవాడు. జేమ్స్ టైట్ అని, స్కాట్లండు ఉత్తరాన షెట్లండు దీవుల్లో పుట్టాడు. 1884లో ఇరవై ఏళ్ళ కుర్రవాడుగా, మేనమామ కొట్లో పనిచేయడానికి లిట్టన్‌కు ఎగువన ఉన్న స్పెన్సెస్ బ్రిడ్జి అనే చిన్న ఊరు చేరాడు. న్లకాపమ పిల్లను పెళ్ళాడి, వాళ్ళ భాష మాట్లాడి, వాళ్ళ కథలు, వైద్యం, బుట్టల అల్లిక, పాటలు అన్నీ సేకరించాడు. పాటలను మైనపు గొట్టాలమీద యంత్రంతో పట్టాడు. 1900లో అచ్చయిన ఆయన గ్రంథం ఈనాటికీ ఆ జాతి గురించి ప్రమాణం. మన బ్రౌను దొర గుర్తుకు రావడం లేదూ? ఒక తేడా ఉంది. బ్రౌను ఉద్యోగం ముగించుకుని ఇంగ్లండు వెళ్ళిపోయాడు. టైట్ వెళ్ళలేదు. భూమి కోసం ఆదివాసులు పెట్టుకున్న అర్జీలు రాసిపెడుతూ, వాళ్ళ నాయకుల వెంట రాజధానికి దుబాసీగా తిరుగుతూ, 1922లో అక్కడే కన్నుమూశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఊరు ఒక మోస్తరుగా బతికింది. నదికి అటూ ఇటూ రెండు రైలుదార్లు, దేశాన్ని అడ్డంగా దాటే పెద్ద రోడ్డు, ఒక హోటలు, తపాలాఫీసు, ఆసుపత్రి. 1986లో కొండల మీదుగా దగ్గరదారి పడడంతో లారీలూ కార్లూ అటు మళ్ళాయి. బైపాసు రోడ్డు పడ్డ మన పల్లెటూళ్ళ కాఫీహోటళ్ళ గతే వాళ్ళకూ పట్టింది. తరువాత నదిలో రబ్బరు పడవలమీద దూకుడు షికారు చేయడానికి వచ్చేవాళ్ళతో కొంత సందడి కలిగింది. వేసవిలో దేశంలోకల్లా వేడి చోటని వాళ్ళే గొప్పగా చెప్పుకునేవారు.

వాంకూవరులో ఉద్యోగం చేసే మా పాత విద్యార్థి ఒకడు 2019లో ఆ దారిన పోతూ అక్కడ ఆగాడట. ఫోనులో చెబుతూ అతను మురిసిపోయింది ఊరు చూసి కాదు, అక్కడి రేవు బల్లకట్టు చూసి. "ఇంజనే లేదండీ మేష్టారూ! రెండు కార్లు ఎక్కించుకుని, నది వేగంతోనే అవతలికి పోతుంది" అన్నాడు. పైన అడ్డంగా కట్టిన ఇనుప తాడుకు కట్టి, పడవను ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని నెట్టుకుపోతుంది. అవతలి ఒడ్డున స్టైన్ లోయ ఉంది. చెట్లు కొట్టే కంపెనీలనుంచి దాన్ని కాపాడుకోవడానికి ఆదివాసులూ, ఇతరులూ కలిసి ఏళ్ళ తరబడి పోరాడితే, 1995లో ప్రభుత్వం దాన్ని రక్షిత వనంగా ప్రకటించింది. అక్కడి బండలమీద పూర్వులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు ఉన్నాయి. "మళ్ళీ వేసవిలో అమ్మానాన్నలను తీసుకువెళ్ళి చూపిస్తాను" అన్నాడు మావాడు. మళ్ళీ వేసవికి దేశాల తలుపులన్నీ మూతపడ్డాయి. ఆపై వేసవి 2021.

ఆ జూన్ చివరి వారంలో పడమటి కెనడామీద బరువైన వేడిగాలి కదలకుండా నిలిచింది. పొయ్యిమీది గిన్నెకు మూత పెట్టినట్టుగా పైగాలి కిందిగాలిని అదిమిపట్టింది. మబ్బు లేదు, పగలు పొడుగు, నేలలో తేమ లేదు. అంతకుముందు కెనడా దేశపు రికార్డు 45 డిగ్రీలు, 1937 నాటిది. జూన్ 27న లిట్టన్‌లో 46.6. మర్నాడు 47.9. జూన్ 29న 49.6 డిగ్రీల సెంటీగ్రేడు! మనకు రెంటచింతల ఎండ సామెత గదా. రెంటచింతల భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారు డిగ్రీల దగ్గర ఉంది, లిట్టన్ యాభై డిగ్రీల దగ్గర. యూరపు ఖండంలో గాని, దక్షిణ అమెరికాలో గాని అంత ఎండ ఎన్నడూ నమోదు కాలేదు. అమెరికా ఎడారిలో ఉన్న లాస్‌వేగాస్ నగరం కూడా అప్పటికి 47.2 దాటలేదు.

అక్కడి ఇళ్ళు చలికి తట్టుకునేట్టు కట్టినవి. వేడిని లోపల పట్టి ఉంచుతాయి. చల్లని యంత్రాలు అందరికీ లేవు. ఆ వారంలో ఒక్క బ్రిటిష్ కొలంబియాలోనే 619 మంది వేడివల్ల చనిపోయారని తరవాత అధికారులు లెక్క తేల్చారు. ఎక్కువమంది ముసలివాళ్ళు, ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్ళు. మనుషులు బొగ్గూ, నూనే తగలబెట్టి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువు భూమిని ఇంతగా వేడెక్కించి ఉండకపోతే అటువంటి ఎండ దాదాపు అసంభవమని, కనీసం నూటయాభై రెట్లు అరుదై ఉండేదని వివిధ దేశాల శాస్త్రజ్ఞులు కలిసి అంచనా కట్టారు. విధివిలాసం కాదని ముందు అన్నది ఇందుకే.

జూన్ 30 బుధవారం. సాయంత్రం అయిదు ప్రాంతంలో ఊరి దక్షిణపు కొసను పొగ కనిపించింది. గాలి ఉధృతంగా ఊరిమీదికే వీస్తున్నది. పొగ కనిపించిన పావుగంట, ఇరవై నిమిషాల్లో ఊరంతా మంటలు. ఆరుగంటలకు మేయరు ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చేసరికి ఉత్తర్వుతో పనిలేకుండా జనం పారిపోతున్నారు. కరెంటు పోయింది, ఫోన్లు మూగపోయాయి. కొందరు ఉత్తరానికి, కొందరు దక్షిణానికి, కొందరు తూర్పుకు — ఏ రోడ్డు తెరిచి ఉంటే ఆ రోడ్డున. భార్య ఒక ఊళ్ళో, భర్త ఇంకో ఊళ్ళో, పిల్లలు మూడో ఊళ్ళో తేలారు. చెప్పులు వేసుకోవడానికి వ్యవధి లేదు, పట్టెలో నగలమాట ఎవరికి గుర్తు? వృద్ధ దంపతులు ఇద్దరు పెరట్లో తవ్విన గుంటలో దాక్కుని, ప్రాణాలు కోల్పోయారు.

ఊళ్ళో నూటికి తొంభై వంతులు బూడిద. ఆ మంట ఆ వేసవంతా కొండల్లో పాకి, ఎనభైమూడువేల హెక్టార్లకు పైగా అడవిని తిన్నది. నిప్పు ఎలా అంటుకున్నదో తేలలేదు. రైలు చక్రాల నిప్పురవ్వ అని ఊళ్ళో చాలామంది అనుమానం. అటువంటి ఆధారమేమీ కనపడలేదని రవాణా ప్రమాదాల విచారణ సంఘం అదే సంవత్సరం నివేదిక ఇచ్చింది. కాని నిపుణులు మరొక సంగతి బయటపెట్టారు. ఊరిని మింగింది అడవినుంచి గోడలా లేచివచ్చిన పెనుమంట కాదట. గడ్డిమంటనుంచి లేచిన రవ్వలు గాలికి ఎగిరి, ఎండిన వాకిళ్ళలో, మెట్లకింద, చూరుల్లో పడ్డాయి. చెక్క ఇల్లు ఒకటి అంటుకుని పక్క ఇంటిని అంటించింది. మన తాటాకుల గుడిసెల వాడలు కాలిన తీరూ ఇదే గదా! కెనడా వంటి సంపన్న దేశంలోనూ నిప్పు పద్ధతి మారలేదు.

చేపలు ఆరబెట్టిన గాలే ఊరిని కాల్చింది.

జూలైలో ఊరివాళ్ళను బస్సుల్లో ఎక్కించి, వీధిలోంచి తిప్పి, కిందికి దిగనీయకుండానే తీసుకువచ్చారు. కాలిన కప్పులనుంచి, కరిగిన సామానులనుంచి వచ్చిన విషాలు నేలలో ఉన్నాయని భయం. తన ఇంటి స్థలాన్ని బస్సు కిటికీలోంచి చూడడం ఎటువంటిదో ఊహించుకోండి. ఆ బాధితుల్లో చాలామందికి మెరిట్ అనే ఊళ్ళో తల దాచుకునే చోటు దొరికింది. నవంబరులో కుండపోత వానకు వరద వచ్చి, మెరిట్ ఊరు మొత్తం ఖాళీ చేయవలసి వచ్చింది. నిప్పు తరిమినవాళ్ళను అయిదు నెలలు తిరగకముందే నీళ్ళు తరిమాయి. మరుసటి ఏడు జూలైలో నది అవతలి ఒడ్డున మళ్ళీ కార్చిచ్చు వచ్చి, మొదటిసారి మిగిలిన ఇళ్ళు కొన్నింటిని పట్టుకుపోయింది.

ఇళ్ళు కట్టడంలో ఎందుకు ఆలస్యమయిందో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఊరి ఆఫీసుతో బాటు ఊరి కాగితాలన్నీ కాలిపోయాయి. ఊరి చట్టాలు, తీర్మానాలు, వాటి నకళ్ళు దాచిన కంప్యూటరు పెట్టెలు, అన్నీ ఒకేచోట ఉన్నందువల్ల ఒకేసారి పోయాయి. ఇంటికి అనుమతి ఇవ్వాలంటే ఏ చట్టం ప్రకారం ఇవ్వాలి? ఆ చట్టమే లేదు. మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలి. ఇది చదివినప్పుడు మన పల్లెల్లో కరణంగారి ఇంటి అటకమీద ఉండే దస్త్రాలు, గ్రంథాలయాల్లో ఒకే ఒక్క ప్రతి మిగిలిన పాత పత్రికల సంపుటాలు నా కళ్ళ ముందు కదిలాయి. మా విద్యార్థులు పరిశోధన కోసం ఆ సంపుటాలు తిరగేస్తుంటే కాగితం అప్పడంలా విరుగుతుంది. వాటిలో ఎన్నిటికి నకలు ఉంది?

రెండో ఆలస్యం నేలకింద నుంచి వచ్చింది. పునాదికోసం తవ్వితే పాత ఊరు బయటపడింది. రాతి పనిముట్లు, మనుషులు వాడి పారేసిన సామానులు వేల సంఖ్యలో దొరికాయి. అక్కడి చట్టం ప్రకారం పురావస్తు శాఖవాళ్ళు చూసి సరేనన్న తరవాతగాని పార దించకూడదు. ఇల్లు లేక మూడేళ్ళు తిరిగినవాళ్ళకు ఇది విసుగు పుట్టించింది. మూడేళ్ళు గడిచినా కొత్త ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటట్టే ఉండేవి. ఆ విసుగు న్యాయమే. అయినా వందా అరవైమూడేళ్ళ లిట్టన్ కాలిపోతే, దానికింద ఉన్న కమ్‌చిన్ బయటికి వచ్చిన మాట కూడా నిజమే. ఆ సామాను యజమానుల వంశంవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో, ఊరి జనాభాకు ఎన్నో రెట్లు, ఇవాళా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు కూడా ఎన్నో ఆ మంటలో పోయాయి.

చీనావాళ్ళ గుడి స్థలం మాట సగంలో వదిలాను. ఆ స్థలాన్ని ఊళ్ళోని ఒక ఇల్లాలు, భర్తతో కలిసి కొన్నది. పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ నేలమీద ఒకప్పుడు గుడి ఉండేదని తెలిసింది. ఆమె చీనా సంతతి కాదు. ఎవరూ అడగకపోయినా వస్తువులు పోగుచేసి, 2017లో అక్కడే చిన్న ప్రదర్శనశాల తెరిచింది. సుమారు 1,600 వస్తువులు. కూలీల గిన్నెలు, సీసాలు, తూనికలు, పనిముట్లు. నాలుగేళ్ళకు అదీ కాలిపోయింది. అయితే ఆమె ఒక్కొక్క వస్తువుకూ ఫొటో తీసి, వివరం రాసి, వేరేచోట భద్రపరిచి ఉంచింది. ఊరి ఆఫీసు చేయలేని పని ఇల్లాలు చేసింది!

బూడిద జల్లెడపట్టి వెతికితే కొన్ని వస్తువులు దొరికాయి. ఎక్కువగా మట్టివీ, పింగాణీవీ. అవి పుట్టేటప్పుడే ఒకసారి ఆవంలో కాలి వచ్చినవి గనుక రెండోసారి తట్టుకున్నాయి. మంట తాకిడికి కొన్నిటిమీద పూత ఉబ్బి, రంగు మారింది. వాటిని తోమకుండా అలాగే ఉంచారు. అదే స్థలంలో ప్రదర్శనశాల మళ్ళీ లేచింది, ఈసారి నిప్పుకు లొంగని గోడలతో. గుడి అనుకుంటే మూడోసారి.